గోదావరి ఉక్కలో గోల్ఫ్ గ్లౌజు: తోలుదా, సింథటిక్‌దా, వాన గ్లౌజా?

గోల్ఫ్ గ్లౌజు గురించి దొరికే సలహాల్లో చాలావరకు చల్లగా, పొడిగా ఉండే ఊళ్ళను దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. మెత్తని తోలుది కొనుక్కోండి, ఇంకేం చూడక్కర్లేదు అంటారు. రాజమండ్రిలోనో, అమలాపురంలోనో, భీమవరంలోనో ఉండేవాళ్ళకి ఆ మాట సగమే పనికొస్తుంది. మే నెలలో ఇక్కడ నీడన నిలబడ్డా ముంజేతి మీంచి చెమట ధార కట్టి మణికట్టులోకి దిగుతుంది. వానలు మొదలయ్యాక, మళ్ళీ అక్టోబరు, నవంబరు తుపాన్ల ముసురులో, బీరువాలో ఉన్న బెల్టుకి, చెప్పులకి కూడా బూజు పడుతుంది. అందుకని మన దగ్గర చూడాల్సినవి ముఖ్యంగా రెండు: గ్లౌజు చేతికి ఎక్కడా వదులు లేకుండా పట్టిందా, చెమటకి తడిశాక కూడా పట్టు నిలుస్తుందా. బ్రాండు, రంగు, ధర ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఆడే చోటు కూడా లెక్కలోకి వస్తుంది. గోదావరి జిల్లాల నుంచి కోర్సు (గోల్ఫ్ మైదానం) మీద ఆడటానికి విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బుకి వెళ్తే అక్కడా సముద్రపు గాలే, తేమ తగ్గదు. హైదరాబాద్ వెళ్ళి గోల్కొండ కోట పక్కనున్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బులోనో, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్‌లోనో చలికాలం ఆడితే గాలి పొడిగా ఉంటుంది. అక్కడ హాయిగా ఉన్న తోలు గ్లౌజు ఇక్కడ డాబా మీద నెట్ కట్టుకుని యాభై బంతులు కొట్టేసరికి నీళ్ళు పిండేలా తయారవుతుంది. గ్లౌజు మంచిదే, వాడిన చోటు వేరు. ఈ తేడా తెలియక చాలామంది మంచి గ్లౌజుని చెడ్డదని పక్కన పడేస్తారు.

ఏ చేతిది కొనాలి

కుడిచేతి వాటం వాళ్ళు ఎడమ చేతికి వేసుకుంటారు, ఎడమచేతి వాటం వాళ్ళు కుడి చేతికి. ప్యాకెట్టు మీద 'లెఫ్ట్ హ్యాండ్' అని ఉంటే ఎడమ చేతికి తొడుక్కునేదని అర్థం. అది చూసి ఎడమచేతి వాటం వాళ్ళది అనుకుని ఆన్‌లైన్‌లో తప్పు చేతిది తెప్పించుకునేవాళ్ళు ఉన్నారు. ఇంకో తికమక: 'ఎం.ఎల్.హెచ్.' అంటే మగవాళ్ళ ఎడమచేతి గ్లౌజు, 'ఎం.ఎల్.' అంటే మీడియం లార్జ్ సైజు. రెండూ ఒకే చీటీ మీద ఉంటాయి కాబట్టి నిదానంగా చదవండి.

సైజు: ఇక్కడ తొందరపడొద్దు

ఖరీదైన గ్లౌజు వదులుగా ఉంటే చౌకదాని కన్నా అన్యాయం. వదులు తోలు అరచేతిలో మడతలు పడుతుంది, క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) ఆ మడతల మీద జరుగుతుంది. జారుతోందని చెయ్యి తనంతట తానే ఇంకా గట్టిగా పిసుకుతుంది, ముంజేయి బిగుసుకుంటుంది, స్వింగ్ (క్లబ్బు ఊపే ఊపు) వేగం పడిపోతుంది. మడత ఉన్నచోట రాపిడికి బొబ్బ లేస్తుంది. బొబ్బలు వస్తున్నాయని మందమైన గ్లౌజు కొనేవాళ్ళకి చాలాసార్లు కావాల్సింది ఒక సైజు చిన్నది.

కొలతకి టైలరు టేపు చాలు. గ్లౌజు వేసుకునే చెయ్యి చాపి, బొటనవేలు వదిలేసి, మిగతా నాలుగు వేళ్ళ మొదట్లో ఉన్న కణుపుల మీదుగా టేపు చుట్టండి. అదుముకుని ఉండాలి గానీ చర్మం నొక్కుకుపోకూడదు. రెండో కొలత మధ్యవేలిది: అరచేతి వైపు వేలి మొదట ఉన్న గీత దగ్గర నుంచి వేలి కొస దాకా. పొద్దున లేవగానే తీసిన కొలత నమ్మొద్దు. ఎండలో కాసేపు నడిస్తే వేళ్ళు కొద్దిగా ఉబ్బుతాయి, ఆడేటప్పుడు ఉండేది ఆ చెయ్యే. ఒక అరగంట నడిచొచ్చి అప్పుడు కొలవండి.

అమెరికా పద్ధతిలో స్మాల్, మీడియం, మీడియం లార్జ్, లార్జ్ అని ఉంటాయి. జపాన్, కొరియా వైపు 22, 23, 24 అని సెంటీమీటర్ల లెక్కన అంకెలు వేస్తారు. ఒక కంపెనీ 23, ఇంకో కంపెనీ 23 చేతికి ఒకేలా పట్టవు. మీ రెండు కొలతలూ కాగితం మీద రాసుకుని, కొనబోయే కంపెనీ సొంత పట్టికతో పోల్చుకోవడమే దారి. పాత గ్లౌజు సైజు చూసి కొత్త బ్రాండులో అదే సైజు అడిగితే చెయ్యి కాలుతుంది.

అరచెయ్యి వెడల్పుగా, వేళ్ళు పొట్టిగా ఉన్నవాళ్ళు 'కేడెట్' అనే మాట గుర్తుపెట్టుకోండి. అరచేతి వెడల్పు మామూలు సైజుదే, వేళ్ళు మాత్రం పొట్టి. కేడెట్ లార్జ్ అంటే లార్జ్ అరచెయ్యి, దాదాపు మీడియం వేళ్ళు. చాలామంది ఇది తెలియక అరచెయ్యి పట్టడం కోసం లార్జ్ కొని, వేళ్ళ కొసల్లో ఖాళీతో ఏళ్ళ తరబడి ఆడుతుంటారు. దుకాణాల్లో కేడెట్ తక్కువగా పెడతారు, అడిగి తెప్పించుకోవాలి.

చేతికి తొడిగి చూసేటప్పుడు ముందు నాలుగు వేళ్ళూ లోపలికి పోనివ్వండి. రెండో చేత్తో వేళ్ళ సందుల్లో ఒక్కొక్కటిగా కిందికి నొక్కితే తోలు వేలి మొదలుకి ఆనుతుంది. ఆ తర్వాతే బొటనవేలు, చివర అరచెయ్యి, పైన వెల్క్రో. మణికట్టు దగ్గర పట్టుకుని ఒక్కసారిగా లాగితే కుట్లు సాగిపోతాయి. తొడుక్కున్నాక ఇవి చూడండి. వేలి కొసలో ఖాళీ మూడు మిల్లీమీటర్లు దాటకూడదు, అసలు లేకపోతే ఇంకా మంచిది. అరచేతి మధ్య తోలుని రెండు వేళ్ళతో గిల్లి పట్టుకోబోతే చేతికి రాకూడదు. వెల్క్రో పట్టీ దాని చోటులో ముప్పావు వంతు దాకా వచ్చి ఆగాలి. చివరిదాకా వెళ్ళిపోతే గ్లౌజు పెద్దది, రేపు సాగాక బిగించడానికి చోటుండదు. సగం దాకానే వస్తే చిన్నది, పట్టీ ఊడుతూ ఉంటుంది. ఆఖరున పిడికిలి బిగించండి. కణుపుల మీద లాగినట్టుండొచ్చు గానీ వేళ్ళు వంగడానికి కష్టపడకూడదు.

తోలు గ్లౌజు వాడుతున్నకొద్దీ, ముఖ్యంగా చెమటకి తడిసి ఆరుతున్నకొద్దీ సాగుతుంది. అందుకని కొత్తలో కాస్త బిగువుగా ఉన్నదే తీసుకోవాలి. సింథటిక్‌లో సాగే గుడ్డ ఉంటుంది గానీ మళ్ళీ వెనక్కి వస్తుంది, కాబట్టి మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంటుందనుకుని కొనండి.

ఉంగరాల సంగతి మరవొద్దు. గ్లౌజు వేసుకునే చేతికి రాళ్ళ ఉంగరం ఉంటే దాని పంజాలు లోపలి నుంచి తోలుని కోస్తాయి, పైగా క్లబ్బుకీ ఎముకకీ మధ్య నలిగి వేలు కమిలిపోతుంది. ఆడేటప్పుడు తీసి జేబులో వేసుకోవడమే. గోళ్ళు కూడా అంతే, కొస దగ్గర మొదట చిరిగేది వాటి వల్లే. గోళ్ళు పెంచుకునే ఆడవాళ్ళకి వేలి కొసలు తెరిచి ఉన్న గ్లౌజులు వేరే వస్తాయి.

తోలు

మంచి గోల్ఫ్ గ్లౌజు తోలుని కాబ్రెట్టా అంటారు. ఇది ఉన్ని లేకుండా పొట్టి వెంట్రుకలుండే జాతి గొర్రెల చర్మం. మన నెల్లూరు గొర్రె కూడా అలాంటి వెంట్రుకల జాతే కాబట్టి పోల్చుకోవడం సులువు. ఉన్ని గొర్రె చర్మంలో ఉన్ని కుదుళ్ళు, కొవ్వు ఎక్కువ, దాంతో తోలు గుల్లగా ఉంటుంది. వెంట్రుకల గొర్రె చర్మంలో పోగులు దగ్గరగా అల్లుకుని ఉంటాయి, అందుకే అర మిల్లీమీటరు లోపు మందానికి పల్చన చేసినా బలంగా నిలుస్తుంది. ఆ పల్చదనం వల్లే క్లబ్బు గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి) మీది గీతలు కూడా వేలికి తెలుస్తాయి. బంతిని కొద్ది దూరమే లేపే చిప్ షాట్‌లో, బంకర్‌లో (ఇసుక గుంటలో) ఆ తెలియడం విలువైనది. పొడి చేతికి దీన్ని మించిన పట్టు ఇంకోటి లేదు, ఇది ఒప్పుకోవాల్సిందే.

చెమటతోనే చిక్కు. కొద్దిపాటి తేమ తోలుకి మంచిదే, కాస్త జిగురు పట్టు వస్తుంది. ఆ హద్దు దాటితే పోగుల మధ్య నీళ్ళు నిండి పైపొర జారుతుంది, తోలు సాగి సైజే మారిపోతుంది. ఆరాక చెమటలోని ఉప్పు లోపలే ఉండిపోయి అప్పడంలా గట్టిపడుతుంది. ఆ గట్టి గ్లౌజుని మళ్ళీ తొడిగి పిడికిలి బిగిస్తే మడత ఉన్నచోట చీలుతుంది. పొడి వాతావరణంలో పది పదిహేను రౌండ్లు (ఒక్కో రౌండు పద్దెనిమిది హోల్స్ ఆట) వచ్చే గ్లౌజు మన వేసవిలో అందులో సగానికే అలిసిపోవచ్చు.

తోలు పేరుతో పాలియురెతేన్ అనే కృత్రిమ పూత వేసిన గుడ్డ అంటగట్టే అమ్మకాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మణికట్టు దగ్గర కుట్టు అంచు తిరగేసి చూడండి. అసలు తోలుకి లోపలి వైపు సన్నని నూగులాంటి పోగులు కనిపిస్తాయి, నకిలీకి అల్లిన గుడ్డ కనిపిస్తుంది. పైన రంధ్రాలు ఒక వరసలో, ఒకే దూరంలో ఉంటే అచ్చు వేసినవని తెలుసుకోవచ్చు (గాలి కోసం గుచ్చిన బెజ్జాలు వేరు). నీటి చుక్క వేస్తే తోలు మీద కాసేపటికి మచ్చగా ఇంకుతుంది, పూత మీద ముత్యంలా నిలబడుతుంది.

సింథటిక్, కలగలుపు

సింథటిక్ అంటే మైక్రోఫైబర్ (సన్నని కృత్రిమ పోగుల గుడ్డ) మీద పూత వేసిన గ్లౌజులు. తోలు కన్నా కాస్త మందం, కొత్తలో చేతికి బొమ్మ గ్లౌజులా అనిపించొచ్చు. కానీ ఉప్పుకి గట్టిపడవు, చల్లని నీళ్ళలో సబ్బు పెట్టి ఉతుక్కోవచ్చు, వెనక సాగే గుడ్డ, గాలాడే జల్లెడ గుడ్డ ఉంటాయి. ఒక మంచి తోలు గ్లౌజు డబ్బుకి ఇవి రెండు వస్తాయి, ఒక్కోసారి మూడు. రేంజ్‌లో (సాధన మైదానంలో) రోజూ బుట్టలకి బుట్టలు బంతులు కొట్టేవాళ్ళకి, ఇంటి దగ్గర నెట్‌లో సాధన చేసేవాళ్ళకి, ఎదిగే పిల్లలకి ఇవే సరైనవి. కొత్తగా నేర్చుకునేవాళ్ళ క్లబ్బు చేతిలో తిరుగుతూ ఉంటుంది, అలాంటి రాపిడికి కాబ్రెట్టా పెట్టడం డబ్బు పారబోయడమే.

అరచేతిలో, బొటనవేలి మీద తోలు ముక్క, మిగతా అంతా సింథటిక్ ఉండే కలగలుపు రకం మన వాతావరణానికి బాగా కుదురుతుంది. ఫుట్‌జాయ్ వెదర్‌సాఫ్ లాంటివి ఈ కోవలోవి. డెకథ్లాన్ వాళ్ళ ఇనెసిస్‌లో తోలువీ ఉన్నాయి, సింథటిక్‌వీ ఉన్నాయి, దుకాణంలో తొడిగి చూసే వీలుండటం వాటికి పెద్ద సుగుణం. ఏడాదంతా ఒక్కటే రకం వాడతామనే వాళ్ళకి మా మొదటి ఓటు ఈ కలగలుపుకే.

వాన గ్లౌజు

ఈ రకాన్ని మనవాళ్ళు తక్కువగా పట్టించుకుంటారు, నిజానికి ఎక్కువ అక్కరకొచ్చేది ఇక్కడే. అరచేతి వైపు స్వెడ్ లాంటి నూగు గుడ్డ ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు పట్టు అంతంతమాత్రం, తడిసినకొద్దీ పట్టు పెరుగుతుంది. జతగా అమ్ముతారు, రెండు చేతులకీ వేసుకోవాలి. వాన కోసం చేసినదే అయినా చెమటకీ అంతే బాగా పనిచేస్తుంది. రోహిణి కార్తెలో తొమ్మిదో హోల్‌కి కుడి చెయ్యి కూడా జారుతుంటే తువ్వాలుతో తుడుచుకుంటూ తంటాలు పడేకన్నా ఈ జత వేసుకోవడం మేలు. చెయ్యి పెద్దగా చెమర్చని వాళ్ళకి ఇది అక్కర్లేదు, వాళ్ళ చేతిలో ఇది జారుతుంది. వేసుకునే ముందు కొద్దిగా నీళ్ళు చల్లి తడిపితే మొదటి షాట్ నుంచే పట్టు వస్తుంది.

రెండు చేతులకీ గ్లౌజులేంటని సంకోచపడక్కర్లేదు. అమెరికా ఆటగాడు టామీ గెయినీ ఎండలోనూ రెండు గ్లౌజులతోనే ఆడతాడు. అటు ఫ్రెడ్ కపుల్స్ అసలు గ్లౌజే లేకుండా 1992లో మాస్టర్స్ టోర్నమెంటు గెలిచాడు. గ్లౌజు తప్పనిసరి అని నిబంధనలు ఎక్కడా చెప్పవు.

ఎవరికి ఏది

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అందులోనూ పొద్దుటి పూట ఆడేవాళ్ళు తోలుది నిశ్చింతగా కొనుక్కోవచ్చు. మంచు పడ్డ పొద్దున గడ్డి మీంచి క్లబ్బు తీసినప్పుడల్లా గ్రిప్ తుడుచుకుంటే చాలు. మార్చి నుంచి జూన్ దాకా కలగలుపు రకం రెండు పెట్టుకుని ఐదారు హోల్స్‌కి ఒకసారి మార్చుకోండి. తీసినదాన్ని వెల్క్రో మూసి బ్యాగు పైన గాలి తగిలేలా తగిలిస్తే రెండోది తడిసేసరికి మొదటిది చాలావరకు తేరుకుంటుంది. ఒక ఖరీదైన గ్లౌజుతో పద్దెనిమిది హోల్స్ లాక్కురావడం కన్నా ఇది డబ్బుకీ, పట్టుకీ రెండింటికీ లాభం. వానాకాలం, తుపాను రోజుల్లో బ్యాగులో వాన గ్లౌజుల జత ఉండాలి. నెట్ సాధనకి ఏ నెలలోనైనా సింథటిక్. కోర్సు మీద వాడి అలిసిన తోలు గ్లౌజుని సాధనకి దించడం పొదుపులా కనిపిస్తుంది గానీ, సాగిన గ్లౌజుతో వందల బంతులు కొడితే గట్టిగా పిసికే అలవాటు పడుతుంది. చిరిగేదాకా వాడాలనుకుంటే చిన్న చిప్ షాట్లకి పరిమితం చెయ్యండి.

చేతి చెమట కన్నా ముంజేతి మీంచి దిగే చెమటే గ్లౌజుని ఎక్కువగా తడుపుతుంది. నూలు రిస్ట్‌బ్యాండ్ ఒకటి మణికట్టుకి కాస్త పైన వేసుకుంటే గ్లౌజు జీవితం పెరుగుతుంది, ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం ఇంకెక్కడా రాదు. లోపల టాల్కం పౌడరు పొయ్యొద్దు, చెమటతో కలిసి ముద్దకట్టి తోలుని గట్టిపరుస్తుంది. పట్టు కోసం రోజిన్ (చెట్టు బంక) పొడి వాడటానికి నిబంధనల్లో అనుమతి ఉంది.

గ్లౌజు మీద నేరం మోపేముందు క్లబ్బు గ్రిప్‌లు చూడండి. నల్లగా నిగనిగలాడుతూ గట్టిగా ఉంటే ఏ గ్లౌజూ కాపాడలేదు. గోరువెచ్చని నీళ్ళలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, మెత్తని బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. అప్పటికీ జారితే గ్రిప్‌లే మార్చాలి. చెమట ఎక్కువ పట్టేవాళ్ళకి రబ్బరులో నూలు పోగులు కలిపిన కార్డ్ గ్రిప్ మంచిది, కాకపోతే గరుకుగా ఉండి పల్చటి తోలుని త్వరగా అరగదీస్తుంది.

ఆరబెట్టడం, దాచడం

ఆట అవగానే ఉండచుట్టి బ్యాగు జేబులో కుక్కితే గ్లౌజు అక్కడే పాడవుతుంది. తీసేటప్పుడు వేళ్ళ కొసలు ఒక్కొక్కటి కొద్దిగా లాగి వదులు చేసి తియ్యండి. ఉప్పు తెట్టె కట్టి ఉంటే చేతికి ఉండగానే తడిగుడ్డతో తుడవండి. ఫ్యాను గాలికి, నీడన, అరచెయ్యి చదునుగా పరిచి ఆరనివ్వాలి. ఎండలో పెట్టినా, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసినా తోలులోని నూనె పోయి పెళుసెక్కుతుంది. పూర్తిగా ఆరాక మాత్రమే కొన్నప్పటి కవరులో, అట్టముక్క లోపల పెట్టి దాచండి. తడి మిగిలి ఉండగా జిప్ కవరులో బిగిస్తే మన తేమకి రెండు మూడు రోజుల్లో నల్ల చుక్కలు వస్తాయి, తోలు మీద ఆ మచ్చ ఇక పోదు. వానాకాలంలో చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారెయ్యకుండా గ్లౌజుల డబ్బాలో వేసుకోండి.

అరుగుదల ఏం చెబుతుంది

అరచెయ్యి మడమ దగ్గర, చిటికెన వేలి వైపు కింద బెజ్జం పడితే క్లబ్బు వేళ్ళలో కాకుండా అరచేతికి అడ్డంగా పట్టుకుంటున్నారు, లేదా మరీ చివర పట్టుకుంటున్నారు. గ్రిప్ కొస అర అంగుళం పైకి కనిపించేలా పట్టుకుంటే ఆ రాపిడి తగ్గుతుంది. బొటనవేలి మీద అరిగితే స్వింగ్‌లో క్లబ్బు పైకెత్తినప్పుడు చెయ్యి వదిలి మళ్ళీ పట్టుకుంటున్నారన్నమాట. అలాంటప్పుడు కొత్త గ్లౌజు కొన్నా అక్కడే పోతుంది, ముందు పట్టు సరిచేసుకోవాలి. చివరి మూడు వేళ్ళ మీద సమానంగా నలుపెక్కి పల్చబడితే అది మామూలు అరుగుదలే. నిగనిగలాడే మచ్చలు వచ్చి, తడిగుడ్డతో తుడిచినా జారుతుంటే చిరగకపోయినా దాని పని అయిపోయినట్టే.

పోటీల్లో ఆడేవాళ్ళకి

నిబంధనల ప్రకారం గ్లౌజు చేతికి అతుక్కుని, ప్రతి వేలికీ విడిగా తొడుగో, తెరిచిన సందో ఉండి, అరచేతి వైపు నునుపుగా ఉండాలి. పక్క భాగం కన్నా 0.025 అంగుళం, అంటే 0.635 మిల్లీమీటరు మించి మందం ఉన్న మెత్త అరచేతి వైపు గానీ గ్లౌజు లోపల గానీ ఉండకూడదు. వేళ్ళని కట్టిపడేసే పట్టీలు, క్లబ్బుకి అంటుకునే అరచేతులు, మణికట్టు వంగకుండా ఆపే పుల్లలున్న శిక్షణ గ్లౌజులు సాధనకి మాత్రమే. జిమ్ గ్లౌజులు, సైకిల్ గ్లౌజులు ఆ మెత్త వల్లే పనికిరావు.

సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చేవాళ్ళతో తెప్పించుకుంటే

అక్కడ రకాలు ఎక్కువ, కేడెట్ సైజులు సులువుగా దొరుకుతాయి కాబట్టి అడగడం మంచిదే. కానీ "బావా, వచ్చేటప్పుడు ఒక గోల్ఫ్ గ్లౌజు తే" అంటే వాళ్ళు తమ చేతికి చూసుకుని తెస్తారు. రాసి పంపాల్సింది ఇది: ఏ చేతికి, మగవాళ్ళదా ఆడవాళ్ళదా, రెగ్యులరా కేడెట్టా, సైజు, తోలా కలగలుపా, కంపెనీ, మోడల్ పేరు. ఇక్కడ ఒకసారైనా తొడిగి సరిపోయిందని చూసుకున్న మోడలే చెప్పండి. చవగ్గా వస్తాయని తోలువి డజను తెప్పించి దాచుకోవద్దు, జులై వచ్చేసరికి సగం బూజు పాలవుతాయి. రెండు తోలువి, రెండు కలగలుపువి, ఒక జత వాన గ్లౌజులు తెప్పించుకుంటే ఏడాది గడిచిపోతుంది. తోలువి వాడటం మొదలుపెట్టేదాకా ప్యాకెట్టు సీలు విప్పకండి.